ఓడ మొత్తం దాటేదాకా కెమెరా ఆపకండి

వెయ్యి అడుగుల ఓడ కళ్ళ ముందు నుంచి వెళ్తున్నప్పుడు దాన్ని ముక్కు దగ్గర మొదలుపెట్టి వెనక జెండా కూడా దాటిపోయేదాకా ఒకటే షాట్‌లో తియ్యాలి. మధ్యలో కట్ చెయ్యకూడదు, స్పీడ్ పెంచకూడదు, మీద మ్యూజిక్ వెయ్యకూడదు. ఇది నా టేస్ట్ అని చెప్పి ఊరుకోవచ్చు గానీ అంతకన్నా గట్టిగానే చెప్పదల్చుకున్నా. ఒడ్డున నిలబడి ఓడల్ని తీసేవాళ్ళు తెలిసో తెలియకో రికార్డు రాసే పని చేస్తున్నారు, ఆ పని సగం సగం చేస్తే తర్వాత వచ్చేవాళ్ళకి దొరికేది ఏమీ ఉండదు. ఎందుకలా అంటున్నానో కొంచెం పొడుగ్గానే చెప్పాలి, ఓపికుంటే చదవండి.

నేనుండేది డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో. అక్కణ్ణించి ఓ గంట డ్రైవ్ చేస్తే సెంట్ క్లెయిర్ నది, అవతలి ఒడ్డు కెనడా. గ్రేట్ లేక్స్ అనే ఐదు పెద్ద సరస్సుల్లో హ్యూరాన్ సరస్సు నీళ్ళు కిందికి ఈరీ సరస్సు వైపు వెళ్ళే దారి అది. పోర్ట్ హ్యూరాన్‌లో బ్లూ వాటర్ బ్రిడ్జి కింద నది బాగా ఇరుకై విపరీతమైన వేగంతో పారుతుంది, అక్కణ్ణించి కిందికి సెంట్ క్లెయిర్, మెరీన్ సిటీ, ఆల్గొనాక్ అని వరసగా చిన్న చిన్న ఊళ్ళు, ప్రతి ఊళ్ళోనూ నది ఒడ్డున బెంచీలు. టికెట్ లేదు, గేటు లేదు, ఐడీ చూపించమనేవాడు లేడు. అలా కూర్చుని ఉంటే ఎదురుగా డెబ్భై ఎనభై అంతస్తుల బిల్డింగుని పడుకోబెట్టినంత పొడుగు ఓడ వచ్చి వెళ్తుంది. పాల్ ఆర్. ట్రెగర్తా అని ఈ సరస్సుల్లో అన్నిటికన్నా పెద్దది, 1,013 అడుగుల పైచిలుకు పొడవు, 105 అడుగుల వెడల్పు, 1981లో ఒహాయోలోని లొరెయిన్ షిప్‌యార్డులో కట్టారు. ఇలాంటి వెయ్యి అడుగులవి మొత్తం 13, 1972లో స్టీవర్ట్ జె. కోర్ట్‌తో మొదలై ఈ ట్రెగర్తాతో ఆ వరస ఆగిపోయింది, తర్వాత ఒక్కటి కూడా కట్టలేదు. ఇంకో సంగతి ఏంటంటే ఇవి సముద్రానికి వెళ్ళలేవు. నయాగరా జలపాతాన్ని తప్పించి దిగే వెల్లండ్ కాలువలో లాకులు (గేట్లు మూసి నీటి మట్టం మార్చి ఓడని ఎక్కించే, దించే తొట్లు) 740 అడుగుల ఓడల వరకే పట్టిస్తాయి, కాబట్టి ఈ 13కీ పై నాలుగు సరస్సులే లోకం.

సరే, ఆ ఓడ ఎదురుగా వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చెప్తా, ఎందుకంటే నా వాదన అంతా దాని మీదే నిలబడి ఉంది.

ఈ నదిలో ఓడల స్పీడు లిమిట్ గంటకి 12 మైళ్ళు. ఆ లెక్కన వెయ్యి అడుగుల ఓడ మీ ముందున్న ఒక చెట్టునో స్తంభాన్నో పూర్తిగా దాటడానికి దగ్గర దగ్గర ఒక నిమిషం పడుతుంది, ఏటికి ఎదురెళ్ళే ఓడైతే ఇంకా ఎక్కువ. ఆ నిమిషం ఫోన్ చూసుకుంటూ గడిపితే తెలియదు గానీ ఓడని చూస్తూ గడిపితే చాలా పెద్దది. మొదట చప్పుడేమీ ఉండదు. ఇంజిన్ వెనకెక్కడో వెయ్యి అడుగుల దూరంలో ఉంటుంది కాబట్టి ముక్కు మీ ముందుకి వచ్చేసినా వినపడేది నీళ్ళు చీలే చప్పుడొకటే. తర్వాత గోడ. నిజంగా గోడే, అడుగుల కొద్దీ గోడ, పెయింటు గీరుకుపోయిన మచ్చలు, లాకుల గోడలకి రాసుకున్న గీతలు, డెక్కు మీద వరసగా సరుకు గదుల మూతలు, వాటి మీద ఎర్రటి దుమ్ము. అది ఇనుప ఖనిజం దుమ్ము. ఎవరో ఒక కళాసీ హెల్మెట్ పెట్టుకుని చేతిలో ఏదో పట్టుకుని డెక్కు మీద నడుచుకుంటూ పోతుంటాడు, ఓడ ముందుకి పోతుంటే అతను వెనక్కి నడుస్తుంటాడు, దాంతో మనకి అతను ఓడ కన్నా నెమ్మదిగా ముందుకి జరుగుతున్నట్టు కనిపిస్తాడు. డెక్కు మీద పొడుగ్గా పడుకోబెట్టిన ఒక బూమ్ ఉంటుంది, దగ్గర దగ్గర 250 అడుగులు, సరుకు దించే కన్వేయర్ అది. చివర్లో తెల్లటి బిల్డింగు లాంటిది వస్తుంది, పైన పైలట్ హౌసు, అంటే ఓడని నడిపే గది, అప్పుడు మొదలవుతుంది ఇంజిన్ చప్పుడు. మా ఊరి రైస్ మిల్లు రాత్రిపూట దూరం నుంచి వినిపించినట్టు, చెవుల కంటే ముందు ఛాతీకి తెలుస్తుంది.

ఇక నీళ్ళు. ఆల్గొనాక్ దగ్గర రాళ్ళ ఒడ్డున నిలబడితే చూడొచ్చు, ఓడ పక్కకి వచ్చేసరికి ఒడ్డు నీళ్ళు వెనక్కి లాగేస్తాయి, అప్పటిదాకా మునిగున్న రాళ్ళు బయటపడతాయి, ఓడ దాటిపోయాక ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి. ఇరుకు నదిలో పెద్ద ఓడ కదిలినప్పుడు దాని పక్కల నుంచి నీళ్ళు వేగంగా పారతాయి, పారినచోట మట్టం దిగిపోతుంది, దాంతోపాటు ఓడ కూడా కొంచెం కిందికి కూర్చుంటుంది. ఫిజిక్స్ పుస్తకంలో బెర్నౌలీ పేరుతో చదువుకున్నది ఇక్కడ కాళ్ళ దగ్గర జరుగుతుంది. పాతిక మంది లోపు మనుషులు, అరవై డెబ్భై వేల టన్నుల సరుకు, ఒక నది మొత్తాన్ని పక్కకి నెట్టుకుంటూ పోవడం.

ఇప్పుడు దీన్నే 8 సెకన్ల టైమ్‌లాప్స్ చేసి ఊదరగొట్టే మ్యూజిక్ వేస్తే ఏం మిగుల్తుంది? ఓడ బొమ్మ మిగుల్తుంది. నీళ్ళు లాగటం ఉండదు, ఇంజిన్ ఆలస్యంగా రావటం ఉండదు, ఆ కళాసీ నడక ఉండదు. ఓడ ఎంత పెద్దదో అర్థమయ్యేది అది దాటడానికి పట్టే టైమ్‌ని బట్టే. వెడల్పు లెన్సుతో తీసిన ఒక్క ఫ్రేములో 1,013 అడుగులూ పట్టేస్తాయి, పట్టేశాక ఆ ఓడ అరచెయ్యంత కనపడుతుంది, అందులో పెద్దరికం ఎక్కడుంది. టైమ్ తీసేస్తే సైజు కూడా పోతుంది.

సముద్రంలో ఇంతకన్నా పెద్ద ఓడలు లేవా అంటారు చాలామంది. ఉన్నాయి, 1,300 అడుగుల కంటెయినర్ ఓడలున్నాయి. వాటిని మీరెక్కడ నిలబడి చూస్తారు? విశాఖలో ఆర్కే బీచ్ నుంచి చూస్తే లంగరు వేసిన ఓడలు ఎక్కడో దూరంగా గీతల్లా కనిపిస్తాయి, డాల్ఫిన్స్ నోస్ కింద ఛానెల్లోంచి ఓడ లోపలికి వెళ్తున్నప్పుడు అదృష్టముంటే కొంచెం దగ్గరగా కనిపిస్తుంది, ఆ తర్వాత పోర్టు గోడ. బైలదిల్లాలో తవ్విన ఇనుప ఖనిజం కిరండూల్ లైను మీద అరకు కొండల గుండా దిగి అదే పోర్టుకి వస్తుంది, ఆ రైలుని చూసినవాళ్ళు లక్షల్లో ఉంటారు, ఆ ఖనిజం ఓడలోకి ఎక్కడం చూసినవాళ్ళు మాత్రం అక్కడ పనిచేసేవాళ్ళే. ఏ దేశంలోనైనా పోర్టు అంటే కంచె, సెక్యూరిటీ, ఊరికి దూరం. మనం వాడే ప్రతి వస్తువూ ఎక్కడో ఓడెక్కి దిగిందే గానీ దాన్ని కళ్ళతో చూసే చోటు మామూలు మనిషికి మిగల్లేదు. నది మీద, కాలువ మీద అలా కుదరదు, ఓడ ఎంత పెద్దదైనా ఊరి మధ్యలోంచే వెళ్ళాలి, ఒడ్డు మీద జనం ఉంటారు. అందుకే నాకు ఇన్‌ల్యాండ్ ఓడలంటే అంత ఇష్టం.

ఆ సరుకేంటో కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో ఉండే మన తెలుగువాళ్ళకి అది నేరుగా సంబంధం ఉన్న విషయం. ట్రాయ్, నోవై, క్యాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ ఎక్కడ చూసినా మనవాళ్ళే, సగం మంది కార్ల కంపెనీల్లోనో వాటికి పార్టులు సప్లై చేసే కంపెనీల్లోనో వాటి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీల్లోనో పనిచేస్తున్నాం. కారు అంటే స్టీలు. స్టీలు అంటే మిన్నెసోటాలోని మెసాబీ కొండల్లో తవ్విన టాకొనైట్ అనే రాయి. దాన్ని పొడి చేసి, ఇనుము ఉన్న పొడిని అయస్కాంతాలతో వేరు చేసి, గోళీలుగా చుట్టి కాలుస్తారు. అరంగుళం కూడా ఉండని ఆ గోళీలు డులూత్, సుపీరియర్, టూ హార్బర్స్, సిల్వర్ బే రేవుల్లో ఓడెక్కుతాయి. కొన్ని ఓడలు మిషిగన్ సరస్సు వైపు తిరిగి గ్యారీ, బర్న్స్ హార్బర్ స్టీలు ప్లాంట్లకి వెళ్తాయి, కొన్ని మా సెంట్ క్లెయిర్ నది మీదుగా డెట్రాయిట్ వైపు, ఈరీ సరస్సు రేవుల వైపు దిగుతాయి. వెళ్ళాక క్రేను కూడా అక్కర్లేదు, ఓడ అడుగున గేట్లు తెరిస్తే గోళీలు కన్వేయర్ మీద పడి బూమ్ లోంచి ఒడ్డు మీదకి పోగైపోతాయి. ఒక్క ఓడ సరుకు రైలు మీద పంపాలంటే వంద టన్నుల వ్యాగన్లు ఆరేడు వందలు కావాలి.

సుపీరియర్ సరస్సు నుంచి వచ్చే ప్రతి పెద్ద ఓడా ఒకేఒక్క ఇరుకు గుమ్మంలోంచి రావాలి, అది సూ సెంట్ మేరీ ఊళ్ళో ఉన్న సూ లాక్స్. సుపీరియర్ మట్టానికి, కింద హ్యూరాన్ మట్టానికి 21 అడుగులు తేడా. అక్కడ పో లాక్ అని 1968లో తిరిగి కట్టినది 1,200 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు, వెయ్యి అడుగుల ఓడలు పట్టేది అదొక్కటే. ఓడ 105, లాకు 110, అంటే అటు రెండున్నర అడుగులు ఇటు రెండున్నర అడుగులు. 2015లో అమెరికా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ ఒక లెక్క వేసింది, ఈ ఒక్క లాకు ఆరు నెలలు మూతపడితే స్టీలు ఆగి, కార్ల తయారీ ఆగి, కోటీ పది లక్షల దాకా ఉద్యోగాలు పోతాయని. ఆ లెక్క చదివాక నాకు ఒకటి అనిపించింది, మేమంతా లేఆఫ్‌ల గురించి, ప్రాజెక్టుల గురించి, వీసాల గురించి రోజూ మాట్లాడుకుంటాం, మా ఉద్యోగాలు ఆనుకుని ఉన్న ఆ గేటుని మాత్రం మాలో చాలామంది చూడనే లేదు, మాకినా ఐలాండ్ వెళ్ళి ఫడ్జ్ కొనుక్కుని తిరిగొచ్చేస్తాం, ఇంకో గంట కూడా పట్టదు పైకి వెళ్తే.

నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకెళ్ళాం. చూసే ప్లాట్‌ఫాం మీద ముందు వరసలో నిలబడ్డారు. ఓడ లోపలికి వచ్చింది, వెనక గేట్లు మూసుకున్నాయి, ఓడ అలా అలా పైకి లేస్తోంది, ఆయన కాసేపు చూసి "ఏవమ్మా, నీళ్ళు తోడే మోటార్లు ఎక్కడా కనపడవేంటి?" అన్నారు. నేను చెప్పేలోపే ఆయనే "అక్కర్లేదులే, పైనుంచి వదుల్తున్నారు, అది నిండితే ఇది లేస్తుంది, మన విజ్జేశ్వరం లాకుల్లోనూ అంతేగా" అని తేల్చేశారు. అంతే, 2.2 కోట్ల గ్యాలన్ల నీళ్ళు, ఒక్క పంపు లేదు, సుపీరియర్ ఎత్తే సరిపోతుంది.

మాది నిడదవోలు అవతల ఏలూరు కాలువ పక్కన ఊరు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, సూ దగ్గర అమెరికా వైపు మొదటి లాకు తెరిచింది 1855లో, మూడేళ్ళే తేడా. గోదావరి కాలువలు పొలాలకి నీళ్ళివ్వడానికే కట్టారని మా తరం అనుకుంటాం గానీ పడవలు నడవాలన్నది కూడా మొదటి నుంచీ ఉన్న ఆలోచనే, రైలు కన్నా నీటి మీద రవాణా చవకని కాటన్ జీవితాంతం వాదించాడు. రాజమండ్రి వైపు నుంచి విజ్జేశ్వరం, నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా బెజవాడ దాకా పడవలు నడిచేవి. ధాన్యం, కొబ్బరికాయలు, కలప. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగడం. నాన్న చిన్నప్పుడు లాకుల దగ్గర పడవలు ఆగితే సరంగులు గట్టు మీదే వంట చేసుకునేవాళ్ళట, పిల్లలంతా బడి మానేసి అక్కడే ఉండేవాళ్ళట. ఒక సరంగు పేరు, అతని పడవకి ఏ రంగు వేసుంటుందో కూడా చెప్పారు. ఆ రోజు సూ నుంచి వెనక్కి వస్తూ కార్లో ఇవన్నీ చెప్తుంటే "ఫొటో ఏమైనా ఉందా నాన్నా?" అని అడిగా. "ఫొటో ఎవరు తీస్తారమ్మా, రోజూ వెళ్ళేవే కదా" అన్నారు.

నాకు ఇప్పటికీ మింగుడుపడని మాట అది. రోజూ వెళ్ళేవే కదా. వందేళ్ళు పైగా రోజూ వెళ్ళాయి, తర్వాత లారీలు వచ్చాయి, రోడ్లు వచ్చాయి, కాలువలో పడవ ఆగిపోయింది. మా ఊళ్ళో నేను అడిగినంతవరకు ఒక్క ఇంట్లోనూ ఒక్క ఫొటో లేదు. పెళ్ళి ఫొటోలున్నాయి, చనిపోయినవాళ్ళ ఫొటోలున్నాయి, ఆనకట్ట దగ్గర పిక్నిక్ ఫొటోలున్నాయి. ఊరి సరుకంతా మోసిన పడవ లేదు, దాన్ని లాగిన మనుషులు లేరు. నాన్న తరం పోతే పడవ రంగు కూడా పోతుంది.

అందుకే ఇక్కడ ఒడ్డున ట్రైపాడ్ పెట్టుకుని కూర్చునే రిటైరైన పెద్దవాళ్ళని చూస్తే నాకు గౌరవం. వాళ్ళు వింతలు తీయరు, రోజూ వెళ్ళేదాన్నే తీస్తారు. ఒళ్ళో రేడియో స్కానర్, అందులో ఓడలు సార్నియా ట్రాఫిక్‌కి, అంటే ఓడల రాకపోకలు చూసుకునే కెనడా కేంద్రానికి, రిపోర్ట్ చేసే మాటలు, ఫోన్లో ఏఐఎస్ మ్యాపు (ప్రతి ఓడా తన చోటు, వేగం రేడియోలో చెప్పే పద్ధతి), ఏ ఓడ ఎక్కడుంది ఎన్ని గంటలకి ఇక్కడికొస్తుంది అన్నీ లెక్క. అప్‌బౌండా (ఏటికి ఎదురా) డౌన్‌బౌండా (ఏటి వాలుకా), లోడుందా ఖాళీయా, అది నీళ్ళలో ఎంత లోతుగా కూర్చుందో చూసి చెప్పేస్తారు.

రోజూ వెళ్ళేది ఎంత త్వరగా ఆగిపోతుందో ఈ నది మీదే కనపడుతోంది. డెట్రాయిట్ దగ్గర జగ్ ఐలాండ్ స్టీలు ప్లాంటులో దశాబ్దాల పాటు మండిన కొలుములు 2020లో ఆరిపోయాయి, అక్కడికి ఖనిజం తెచ్చే ఓడలు ఆగిపోయాయి. సెంట్ క్లెయిర్ దగ్గర నది ఒడ్డున ఉండే పాత కరెంటు ప్లాంటు 2022లో మూసేశారు. పక్కనున్న బెల్ రివర్ ప్లాంటుని బొగ్గు మాన్పించి గ్యాస్‌కి మార్చాలని నిర్ణయించారు. ట్రెగర్తా ఏళ్ళ తరబడి సుపీరియర్ రేవు నుంచి బొగ్గు తెచ్చి దించింది ఇక్కడికే. బొగ్గు పోవడం మంచిదే, ఆ పొగ మా పిల్లలు పీల్చే గాలిలో ఉండక్కర్లేదు, దాని మీద నాకేం బెంగ లేదు. కానీ సరస్సుల్లో అన్నిటికన్నా పెద్ద ఓడ మా కళ్ళ ముందు బూమ్ తిప్పి నల్లటి కొండ పోసే దృశ్యం ఇంకెన్నాళ్ళో ఉండదు, అది మొత్తంగా, సౌండుతో సహా, ఇంత సేపు పట్టేది అని తెలిసేలా ఎవరో ఒకరు దాచాలి. మంచి మార్పు వచ్చినప్పుడు కూడా పాతది ఎలా నడిచేదో తెలియాలి కదా.

ఇంకో పక్క ఉప్పు లేని నీళ్ళ వల్ల ఇక్కడ ఓడలు చాలాకాలం బతుకుతాయి. ఆల్పీనా అని సిమెంటు మోసే ఆవిరి ఓడ 1942లో నీళ్ళలోకి దిగింది, ఎనభై ఏళ్ళు దాటినా తిరుగుతూనే ఉంది. 2022లో మార్క్ డబ్ల్యూ. బార్కర్ అనే కొత్త ఓడ వచ్చింది, అమెరికా వైపు సరస్సుల ఒడ్డున ఇలాంటి ఓడ కట్టడం 1983 తర్వాత అదే మొదలు. అంటే ఒకే బెంచీ మీద కూర్చుని రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆవిరి ఓడని, నిన్నటి ఓడని వెంట వెంట తీసే అవకాశం ఉంది. ఆ ఆవిరి ఇంజిన్ ఓడ దాటేటప్పుడు చప్పుడు వేరు, డీజిల్ ఓడల్లా అదిరించదు, చాలా మెత్తగా వెళ్ళిపోతుంది. ఆ తేడా వీడియో మీద పాట పెట్టినవాడు ఎప్పటికీ దాచలేడు.

ఏఐఎస్ రికార్డులున్నాయి, వెబ్‌క్యాములున్నాయి, మళ్ళీ మనం తీయడం ఎందుకు అని మావారు అడుగుతుంటారు, న్యాయమైన ప్రశ్నే. ఏఐఎస్ చుక్క చూపిస్తుంది, ఎన్నింటికి ఎక్కడ ఎంత స్పీడులో అని. ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఓడ సంగతి తీసుకోండి. 1958లో ఇక్కడ రివర్ రూజ్‌లోనే కట్టారు, 729 అడుగులు, 1975 నవంబరు 10న సుపీరియర్‌లో తుఫానులో 29 మందితో మునిగిపోయింది, ఆ విషయం అందరికీ తెలుసు. అంతకు ముందు దానికి పీటర్ పల్సర్ అనే కెప్టెన్ ఉండేవాడు. ఈ సెంట్ క్లెయిర్ నదిలో, డెట్రాయిట్ నదిలో వెళ్తున్నప్పుడు ఒడ్డు మీద జనానికి వినపడేలా ఓడ స్పీకర్లలో పాటలు పెట్టేవాడు, సూ లాక్స్‌లో పైలట్ హౌసు బయటికొచ్చి మైకు పట్టుకుని తన ఓడ పొడవెంత, ఏం మోస్తుంది అని టూరిస్టులకి చెప్పేవాడు. లాగ్ బుక్కులో ఇది ఉండదు. ఒడ్డున నిలబడి విన్నవాళ్ళు గుర్తుంచుకోబట్టి మనదాకా వచ్చింది. ఓడకి, ఒడ్డుకి మధ్య జరిగే సంగతులు ఒడ్డు మీదివాళ్ళే దాచగలరు. ఇప్పటికీ పిల్లలు చెయ్యి ఊపితే కొందరు కెప్టెన్లు సెల్యూట్ కొడతారు, మూడు పొడుగు, రెండు పొట్టి హారన్లు. డులూత్‌లో అయితే ఓడ అలా కొడితే ఓడల కోసం పైకి లేచే లిఫ్ట్ బ్రిడ్జి కూడా తిరిగి కొడుతుంది.

డులూత్ అన్నాను కాబట్టి ఇంకో మాట. అక్కడి షిప్ కెనాల్ వెడల్పు 300 అడుగులే, రెండు పక్కలా కాంక్రీటు గోడల మీద జనం నిలబడొచ్చు, అంత దగ్గర. నవంబరులో తుఫాను రోజుల్లో అలలు గోడ మీదకి ఎగిరిపడుతుంటే ఓడ లోపలికి వచ్చే వీడియోలు తెగ తిరుగుతాయి. వాటి కింద "కంట్రోల్ తప్పిన ఓడ", "చివరి క్షణంలో" లాంటి అబద్ధపు క్యాప్షన్లు పెట్టి వదులుతారు, ఓడేమో చక్కగా లోపలికెళ్ళి రేవులో ఆగి ఉంటుంది. నాకు చాలా బాధగా ఉంటుంది అవి చూస్తే. 1905 నవంబరు 28న ఆ కెనాల్ నోటి దగ్గరే మటాఫా అనే ఓడ గోడకి కొట్టుకుని విరిగింది, ఒడ్డు నుంచి కొన్ని వందల అడుగులే, వేలమంది ఊరివాళ్ళు మంటలు వేసుకుని రాత్రంతా ఒడ్డున నిలబడ్డారు, చెయ్యగలిగింది లేక చూస్తూ ఉండిపోయారు, వెనక భాగంలో ఉన్న తొమ్మిది మంది ఆ చలికి చనిపోయారు. ఆ నీళ్ళు అలాంటివి. అక్కడ ఓడని లోపలికి తెచ్చే మనిషి చేసే పని ఎంత కష్టమో చూపించాలంటే అది ఉన్నదున్నట్టు, అలతో పాటు, ఆగుతూ, సర్దుకుంటూ వచ్చే తీరుతో పాటు పూర్తిగా చూపించాలి. భయపెట్టే మ్యూజిక్ వేసి ముక్క చూపిస్తే ఆ కెప్టెన్ నైపుణ్యం మొత్తం అదృష్టం కింద జమైపోతుంది.

వ్యూస్ రావండి అలా తీస్తే, అని ఒకావిడ అంది నాతో, ఆవిడ కూడా తీస్తుంది. రావు, నిజమే. కానీ వచ్చేవాళ్ళు చివరిదాకా చూస్తారు. ఆ ఓడ మీద పనిచేసి రిటైరైనవాళ్ళు, ఇంటికి దూరంగా నెలల తరబడి ఓడ మీద ఉన్న కొడుకుని డెక్కు మీద చూడొచ్చేమో అని చూసే తల్లులు. ఆ ఓడలో ఉన్న మనిషికి బయట ప్రపంచంతో ఉన్న సంబంధం ఎంత సన్ననిదంటే, డెట్రాయిట్ నదిలో జె. డబ్ల్యూ. వెస్ట్‌కాట్ II అని ఒక చిన్న బోటు ఉంది, దానికి సొంత పిన్‌కోడు ఉంది, 48222. కదులుతున్న ఓడ పక్కకి వెళ్ళి తాడుకి కట్టిన బకెట్లో ఉత్తరాలు పెడితే పైనుంచి లాక్కుంటారు. ఓడ ఆగదు. ఈ బకెట్ పైకెళ్ళే వీడియో కూడా కట్ చెయ్యకుండా తీసినవాళ్ళున్నారు, మళ్ళీ మళ్ళీ చూస్తా.

తీద్దామనుకునేవాళ్ళకి నాకు తెలిసినవి చెప్తా. ట్రైపాడ్ తప్పనిసరి, కెమెరాని ఓడతో పాటు తిప్పకండి, ఒకచోట నిలిపి ఓడనే దాటనివ్వండి, అవతలి ఒడ్డున ఒక ఇల్లో చెట్టో ఫ్రేములో ఉంచండి సైజు తెలియడానికి. వేసవి మధ్యాహ్నం చల్లటి నీళ్ళ మీద వేడిగాలి ఆడి జూమ్‌లో అంతా వణుకుతూ కనిపిస్తుంది, పొద్దున్నే వెళ్ళండి. మైకుకి బొచ్చు తొడుగు వెయ్యకపోతే గాలి హోరు తప్ప ఏమీ రాదు. ఇరుకు చూడాలంటే సూ కిందుగా బార్బో దగ్గర రాక్ కట్‌కి వెళ్ళండి, 1908లో రాయి తొలిచి తెరిచిన 300 అడుగుల ఛానెల్ అది, డౌన్‌బౌండ్ ఓడలు మాత్రమే వస్తాయి, అక్కడ నీళ్ళు లాగడం కూడా ఇంకా స్పష్టంగా కనపడుతుంది. జూన్ ఆఖరి శుక్రవారం ఇంజనీర్స్ డే నాడు సూ లాక్స్ గోడల మీదకి జనాన్ని రానిస్తారు, ఆ రోజు ఓడని చేత్తో తాకేంత దగ్గర. పక్కనే పాత డేవిస్, సేబిన్ లాకుల్ని తీసేసి పో లాక్ అంత కొత్తది కడుతున్నారు, 2030కి పూర్తవుతుందంటున్నారు, ఆ పని జరుగుతున్నప్పుడే తీసిపెట్టుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం ఫైలు పేరు. ఓడ పేరు, తేదీ, టైము, ఊరు, ఏ వైపు వెళ్తోంది, ఏం మోస్తోంది, ఇవన్నీ రాయండి. పేరు లేని వీడియో ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరికీ దొరకదు. తెలుగులో కూడా రాయండి, నేనలాగే రాస్తున్నా.

ఇక ఆంధ్రాలో ఉన్నవాళ్ళకి. 2008లో మన ఏలూరు కాలువతో సహా కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువల్ని, గోదావరి కృష్ణల్లో కొంత మేరని కలిపి జాతీయ జలమార్గం 4 అన్నారు. దాని మీద సరుకు పడవలు మళ్ళీ ఎప్పుడు నిండుగా తిరుగుతాయో తిరగవో అది వేరే చర్చ. కానీ విజ్జేశ్వరంలో, ధవళేశ్వరంలో, బొబ్బర్లంకలో పాత లాకులున్నాయి, పడవలు ఎక్కిన, లాగిన, చూసిన పెద్దవాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ లాకుల దగ్గరికే తీసుకెళ్ళి కూర్చోబెట్టి ఫోన్ ఆన్ చెయ్యండి, పడవ రంగు ఏంటి, తాడు ఎవరు లాగేవాళ్ళు, లాకు నిండడానికి ఎంతసేపు పట్టేది అని అడగండి, వాళ్ళు ఆగినచోట మీరు కెమెరా ఆపకండి.